ఎవరూ కట్టని ముడి

ఆ గుగ్గిళ్ళ గిన్నె నడుమ పెట్టి దగ్గరికి జరగండి. గోడకు ఆనుకుని గుసగుసలాడేవాళ్ళు ఆ ముచ్చటేదో మింగేయండి, ఇంటికి పోయాక మళ్ళీ కక్కుకోవచ్చు. చంటిపిల్ల తల్లీ, నువ్వు తలుపు దగ్గరే కూర్చో. అందరి నోళ్ళూ మూతపడ్డాయా? పడాలి మరి. ఎందుకంటే అక్కడ పోచంపల్లిలో అండాలు మూట మీద కూర్చుంది. పొద్దు పొడిచినప్పటి నుంచి లేవనంటోంది.

మూట అంటే చంకలో పెట్టుకునేంత మూట కాదు. గడపకు అడ్డంగా పడి ఉందేమో, వాకిట్లో ఎండ ఇంట్లోకి రావాలంటే పక్క సందులోంచి చుట్టు తిరిగి రావాల్సి వచ్చింది. దాని నిండా శివరాత్రి కోసం నేసిన పచ్చీసు గుడ్డలు. జాగారం నాడు నిద్ర ముంచుకు రాకుండా, గవ్వలేసి ఆడుకునే గుడ్డలు. నిరుడు నలుపు తెలుపుల్లో నేసి పంపితే నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా ఎగబడి కొన్నారు. ఈ ఏడు నాలుగు దిక్కులకు నాలుగు రంగులు పెట్టి, కొత్తగా నేశారు.

నేశారు, కానీ తప్పు నేశారు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. గొడవంతా అదే.

“అమ్మా,” అన్నాడు యాదయ్య, పెళ్ళాం వైపు చూడకుండా దూలం వైపు చూస్తూ, “ఆమెను లెవ్వమను. గుడ్డలు కొనే నల్లగొండ సాబు బస్సు దిగే యాళ్లయింది.”

అమృతమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. “నీ పెండ్లామే గదరా. నువ్వే చెప్పరాదు?”

“నేను మాట్లాడ.”

“అత్తమ్మా,” అంది అండాలు, ఆమె కూడా అదే దూలం వైపు చూస్తూ, “గాయనకు చెప్పు. నేను లేస్తే మూట పోతది. మూట పోతే నా పేరు పోతది. లెవ్వ.”

“పేరట, పేరు!” అమృతమ్మ చాటను నేలకేసి కొట్టింది. బియ్యం గింజలు బెదిరిన పిచ్చుకల్లా లేచాయి. “మా అత్త పేరేందో నాకే యాదికి లేదు. ఆమె బతకలేదా, సావలేదా?”

అండాలు మూట మీద ఇంకా బరువుగా సర్దుకుంది. చెబితే అత్తకు అర్థం కాదని ఆమెకు తెలుసు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె ఎక్కడికి పోయినా యాదయ్య పెళ్ళామే. ఆమె తొక్కే మగ్గం యాదయ్య మగ్గం. పుట్టింటివాళ్ళు ఇచ్చిన బిందె మీద కూడా అన్న పేరే చెక్కించారు. ఆమె పేరు ఆమెకు వినబడేది ఒక్క చోటే. నల్లగొండ దుకాణాల్లో జనం వేలు చూపించి, “గా అండాలు పచ్చీసు ఉన్నదా?” అని అడుగుతారట. ఆ మాట సాబు తెచ్చి చెప్పిన నాడు ఆమె అన్నం తినలేదు. కడుపు అప్పటికే నిండిపోయింది.

ఆ పేరు మీదే యాదయ్య చెయ్యి వేశాడు. కల్లు దుకాణంలో కూర్చుని, “నాలుగు రంగుల బొమ్మ గీసింది నేను. దానికేం తెలుసు?” అన్నాడు. అతని ముంతలో కల్లు ఖాళీ కాకముందే ఆ మాట ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అండాలు ఎదురుగా కూర్చుంది. ఆ పూట నుంచి ఆలుమగల మధ్య మాటల్లేవు.

మాటల్లేవంటే మామూలుగా లేకపోవడం కాదు. అన్నానికి పిలవాలంటే ఆమె మేకతో చెప్పేది. “ఓ మేకా, అన్నం సల్లగైతాంది, తినేటోళ్లు తినుండ్రి.” అతను మగ్గంతో చెప్పేవాడు. “ఓ మగ్గమా, ఉప్పు తక్కువైంది.” చివరికి ఆ మేక విసిగిపోయి ఇద్దరికీ వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆ మౌనంలోనే నూలు కట్టారు. తప్పు అక్కడే జరిగింది.

పోచంపల్లి నేత సంగతి తెలిసిందే. బొమ్మ మగ్గం మీద పుట్టదు, అంతకుముందే నూలులో పుడుతుంది. నూలును కట్టగా సాగదీసి, తెల్లగా మిగలాల్సిన ప్రతి చోటా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించి ముడి వేస్తారు. రంగులో ముంచితే ముడి కింద తెలుపు నిలుస్తుంది. నేసినప్పుడు ఆ తెలుపే గీత అవుతుంది. ముడి మరిచిపోతే గీత లేదు. ఆ కట్టతో ఎన్ని గుడ్డలు నేస్తే అన్నింట్లో, అదే చోట, అదే తప్పు.

అండాలు ఒక కొస నుంచి కట్టుకుంటూ వచ్చింది. యాదయ్య ఇంకో కొస నుంచి కట్టుకుంటూ వచ్చాడు. మధ్యలో కలిసే చోట ఒక ముడి మిగిలింది. ఆమె వేయాలా, అతను వేయాలా? ఏ ఏడూ అది పెద్ద సంగతి కాలేదు. “నువ్వు కడ్తవా?” “కట్టేస్తి తియ్యి,” అంతే. ఈ ఏడు అడగాలంటే నోరు తెరవాలి.

ఇద్దరూ తెరవలేదు. ఆ కట్ట అలాగే రంగులో మునిగింది.

ఇప్పుడు ఎర్ర దిక్కున చివరి గడికి, కాయలు పండే నడిమి ఇంటికి మధ్య గీత లేదు, ఆ గడి ఇంట్లోనే కలిసిపోయింది. మిగతా మూడు దిక్కులవాళ్ళూ ఎనిమిది గడులు నడిచి ఇల్లు చేరాలి. ఎర్ర దిక్కున కూర్చున్నవాడు ఏడు నడిస్తే చాలు.

నిన్న మధ్యాహ్నం దాకా అది ఎవరి నోటా రాలేదు. నిన్న మధ్యాహ్నం పక్కింటి జానమ్మ వచ్చి, కొత్త గుడ్డ పరిచి అమృతమ్మతో ఆడింది.

“ఏందమ్మో, నీ కాయ గప్పుడే పండిందా?” అంది జానమ్మ మూడో ఆటలో. “నా కాయ నీ కాయ కన్నా ముందలుండె గద!”

“చెయ్యి వాటం,” అంది అమృతమ్మ, కాళ్ళు చాపుకుని. “మా అమ్మగారింట్ల నన్ను గవ్వల రాణి అందురు.”

“రాణివో, దొంగవో! ఆట మొదలైన సంది గా ఎర్ర దిక్కే కూసుంటున్నవ్. ఇటు జరుగు, నేను కూసుంట.”

“నా ఇల్లు, నా అరుగు, నా ఇష్టమున్న దిక్కు. జరుగ.”

“జరుగవా?”

“జరుగ.”

జానమ్మ గవ్వలు విసిరింది. గుడ్డ మీదికి కాదు, అమృతమ్మ మీదికి. ఒక గవ్వ తప్పిపోయి పెంకుల మీది కాకికి తగిలింది. ఆ కాకి ఎగిరి చౌటుప్పల్ పోయి అక్కడే కాపురం పెట్టిందని చెప్పుకుంటారు. ఇద్దరూ జుట్లు పట్టుకునే లోపల అండాలు గుడ్డను లాక్కుని, వేలు పెట్టి గడులు లెక్కపెట్టింది. ఒకసారి, రెండోసారి. ఆమె వేలు ఎర్ర దిక్కున ఏడో గడి దాటి నేరుగా నడిమి ఇంట్లోకి జారిపోయింది.

వెనుక నిలబడిన యాదయ్య కూడా చూశాడు. చూసి ఏం చేశాడు? గుడ్డను మడతపెట్టి, మూటలో దోపి, తాడు బిగించాడు.

అందుకే ఆమె ఆ మూట మీద కూర్చుంది.

“అస్సలాం అలైకుం! ఇల్లు ఇదేనా, కోడి పొదిగే జాగనా?”

లియాఖత్ అలీ సాబు గడప బయటే ఆగిపోయాడు. నల్లగొండలో గుడ్డల వ్యాపారం ఆయనది. తెల్ల గడ్డం, నల్ల గొడుగు, ఎంత కోపిష్టినైనా చల్లబరిచే నవ్వు. ఆ నవ్వు ఈ గడప దగ్గరికి వచ్చి ఆరిపోయింది.

“ఏమైంది బేటీ? మూట మీద కూసున్నవేంది?”

“ఏం కాలే సాబ్,” అన్నాడు యాదయ్య గబగబా. “కాళ్లు గుంజుతున్నయంట. నువ్వు జర చాయ్ తాగు. మూట బస్సు కాడికి నేను తెస్త.”

“అబద్ధం,” అంది అండాలు.

ఆ మాట ఆమె మేకతో అనలేదు, దూలంతో అనలేదు. మూట కొస లాగి ఒక గుడ్డ తీసి సాబు చేతుల్లో పెట్టింది. “లెక్కవెట్టు సాబ్. ఎర్ర దిక్కు.”

లియాఖత్ అలీ కళ్ళద్దాలు సర్దుకుని వేలితో లెక్కపెట్టాడు. “ఏడు. ఇంకొకటి యాడ వోయింది?”

“ముడి వెయ్యలే.”

“ఎవరు వెయ్యలే?”

అమృతమ్మ బియ్యంలో లేని రాయిని వెతికింది. యాదయ్య దూలంలో లేని బల్లిని వెతికాడు. సాబు అది అడగరాని ప్రశ్న అని గ్రహించి, గడ్డం నిమురుకుంటూ అరుగు మీద కూలబడ్డాడు.

“మంచిది. ఒక్క గీతనే గదమ్మా,” అన్నాడు. “గుడ్డ చినగలే. రంగు కారలే. బొమ్మ జూస్తే కండ్లు చెదురుతున్నయి. ఎవరు లెక్కవెడ్తరు?”

“జానమ్మ ఒక్క పూటల పట్టె.”

“జానమ్మకు పనిలేదు!” అన్నాడు యాదయ్య.

“జాగారం నాడు ఎవనికి పనుంటది?” అంది అండాలు. ఇంకా సాబు వైపే చూస్తోంది. “తెల్లార్లు అదే ఆట. అన్నదమ్ములు ఆడ్తరు, బావబామ్మర్దులు ఆడ్తరు. ఎర్ర దిక్కోడు గెలుస్తనే ఉంటడు. ఓడినోడు వాన్ని దొంగ అంటడు. కొట్టుకుంటరు. తెల్లారినంక ఎవడో ఒకడు గడులు లెక్కవెడ్తడు. అప్పుడేమంటరు సాబ్? అండాలు గుడ్డ దొంగ గుడ్డ అంటరు.”

లియాఖత్ అలీ నిట్టూర్చాడు. “బేటీ, నా గోస గూడ ఇను. నల్లగొండల చెప్పిన, దేవరకొండల చెప్పిన, పాలమూరు దాకా మాటిచ్చిన, నాలుగు రంగుల గుడ్డ వస్తాందని. శివరాత్రి దాటితే దీన్ని ఎవరు ముట్టరు. ఆదివారమొస్తే జనం టీవీ ముందల కూసుంటున్నరు. పట్నంల ఏదో డబ్బ వచ్చిందంట, దాని ముందల నిలవడి బటన్లు ఒత్తుతె బొమ్మలు ఉరుకుతయంట. పోరగాండ్లు గవ్వలు మరుస్తున్నరు. ఈ ఏడు గుడ్డ కనవడకపోతే వచ్చే ఏడు అడిగేటోడే ఉండడు. ఇప్పుడైతే పోనియ్యి. వచ్చేసారి సరిగ్గ నేసి పంపు. ఎవరన్న గొడవ జేస్తే మార్చి ఇస్త.”

“గొడవ జెయ్యనోని సంగతి?”

“వాడు ఖుషీగ ఆడుకుంటడు.”

“ఓడుకుంట ఖుషీగనా?”

సాబు గొడుగు కర్రతో నేల మీద గీతలు గీశాడు. “దుకాణంల ఎర్ర దిక్కు కలిసొచ్చే దిక్కు అని చెప్పమంట. జనానికి అట్లాంటివి ఇష్టం.”

“అది మాత్రం నిజం!” అమృతమ్మ ఒక్కసారి లేచింది. “కలిసొచ్చే దిక్కే. గీత లేదంట, గడి లేదంట! మరి నిన్న నేను గెల్చింది అబద్ధమా? నా చెయ్యి వాటం అబద్ధమా? పుట్టి బుద్ధెరిగిన సంది ఒక్క ఆట గెల్వలే నేను. నిన్న మూడు గెలిస్తే నా కోడలు లెక్కలు దీసి నోట్లె మన్ను కొట్టె!”

“గవ్వల రాణివి అంటివి గద అత్తమ్మా?”

“నోర్ముయ్!”

లియాఖత్ అలీ గొడుగు వెనుక నవ్వు దాచుకున్నాడు. అండాలుకు నవ్వు రాలేదు.

“సాబ్, ఒక్క పూట ఇయ్యి,” అంది. “సూది, తెల్ల దారం పట్టుకుంట. ఒక్కొక్క గుడ్డ మీద గా గీత కుడ్త. రేపు పొద్దున బస్సుకు పంపుత.”

“సూదా?”

ఆ అరుపు యాదయ్యది. పక్క సందులో నిద్రపోతున్న కుక్క లేచి, తనను కాదని తెలుసుకుని, మళ్ళీ పడుకుంది.

“అమ్మా, ఆమెకు చెప్పు! మగ్గం దిగిన గుడ్డ మీద సూది పెడ్తరా? మా తాత పెట్టిండా? మా బాపు పెట్టిండా? చినిగిన పాత బట్టకు సూది. కొత్త గుడ్డకు సూది పెడితే ఊరంత ఏమంటది? యాదయ్యకు నేసుడు రాదు, దర్జీ పని మొదలువెట్టిండు అంటది. గీత లేకుంటే ఎవనికి తెల్వదు. సూది గీత పెడితే గుడ్డోనికి గూడ తెలుస్తది!”

“తెలవనియ్యి,” అంది అండాలు.

“తెలవనియ్య!”

“అంటే ఏంది? దాచిన తప్పు మర్యాద, దిద్దిన తప్పు సిగ్గా?”

“నేతోనికి అంతే!”

లియాఖత్ అలీ మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాడు. “జర ఆగుండ్రి. బస్సు యాళ్ల అయితాంది. పోనీ బేటీ, ఏం జేస్తే లేస్తవు? చెప్పు.”

అండాలు గుడ్డ వైపు చూసింది. ఆ ఎరుపు, ఆ పసుపు, ఆ ఆకుపచ్చ, ఆ నలుపు. తను పొయ్యి ముందు బొగ్గుతో నేల మీద గీసుకుని, చీపురుతో చెరిపి, మళ్ళీ గీసుకున్న బొమ్మ. ఆమె గొంతు అకస్మాత్తుగా మెత్తబడింది. ఆ మెత్తదనం చూసి అమృతమ్మకే భయమేసింది.

“లేస్త సాబ్. తీస్కపో. గట్లనే అమ్ము. కానీ ఒక్కటి. నా పేరు చెప్పొద్దు. గీ ఏడు గుడ్డ గాయన గుడ్డ. బొమ్మ గాయననే గీసిండంట గద, కల్లు కాడ అందరికి చెప్పిండు. దుకాణాలల్ల యాదయ్య పచ్చీసు అని చెప్పుండ్రి. మూట ఎత్తుకపొండ్రి.”

ఆమె లేవబోయింది.

“నా పేరెందుకు?” అన్నాడు యాదయ్య.

ఆ మాట నోట్లోంచి జారిపోయాక తెలిసింది అతనికి. దాన్ని పట్టుకుని మళ్ళీ లోపల వేసుకుందామని చూశాడు కానీ, అప్పటికే అది గది మధ్యలో నిలబడి అందరి ముఖాలూ చూస్తోంది.

లియాఖత్ అలీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఎందుకంటవా?” అండాలు నిటారుగా నిలబడింది. దూలం వైపు కాదు, మేక వైపు కాదు, మొగుడి కళ్ళలోకి చూసింది. “మంచిదైతే నీ పేరు. దొంగదైతే నా పేరా? గిదేం నాయం? ఒక్క గీతనే గద, ఎవడు లెక్కవెట్టడు గద! మరి నీ పేరు పెట్టుకోనీకి ఏం రోగం?”

“నోరు లేస్తాంది నీకు!”

“లేస్తది! ఇన్ని దినాలు మేకతోని మాట్లాడి మాట్లాడి లేచింది!”

“ముడి నువ్వు వెయ్యాలె! నడిమి ముడి ఎప్పుడన్న నేను వేసిన్నా?”

“నిరుడు ఎవడు వేసిండు? మీ తాతనా?”

“తాత జోలికి రాకు!”

“నీ చెయ్యి ఆగింది గా ముడి కాడ! నేను సూసిన!” అండాలు ఒక అడుగు ముందుకు వేసింది. “ట్యూబు ముక్క నీ యేళ్ల నడుమ ఉండె. నా దిక్కు సూస్తవేమో, ఒక్క మాట అంటవేమో అని ఆగిన. నువ్వు ముక్కను కింద పడేసి లేచిపోతివి.”

యాదయ్య చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి, అరవడానికి లేపినవి.

“నువ్వు సూసినవా?” అన్నాడు మెల్లగా.

“సూసిన.”

“సూసి గూడ గట్లనే ఇడిసిపెట్టినవా?”

“నువ్వు ఇడిసిపెట్టలే?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముడి పడలేదని రంగులో ముంచక ముందే ఇద్దరికీ తెలుసు. తెలిసే ముంచారు. తెలిసే నేశారు. మగ్గం మీద ఒక్కొక్క గుడ్డ దిగుతుంటే ఆ చోటు వచ్చినప్పుడల్లా ఇద్దరూ కళ్ళు పక్కకు తిప్పుకున్నారు. ఎవరి పంతం వాళ్ళు మోసుకుంటూ ఇంత మూట తయారుచేశారు.

“యా అల్లా,” అన్నాడు లియాఖత్ అలీ లోగొంతుకతో. “ముడి గాదు, మీరిద్దరు నూలుకు మీ కోపాన్నే చుట్టిండ్రు.”

అండాలు కొంగుతో ముఖం తుడుచుకుంది. “అందుకే నేను కుడ్త. నా తప్పు గూడ ఉన్నది. సూది తెస్త.” అని గిరుక్కున లోపలికి పోయింది.

సూది ఎక్కడుంటుంది? చూరులో గుచ్చి ఉంటుంది. తెల్ల దారం ఎక్కడుంటుంది? ఉట్టి మీద గిన్నెలో. ఆమె ఉట్టికి చెయ్యి చాపేసరికి వాకిట్లో అడుగుల చప్పుడు వినబడింది. బరువు మోస్తున్న మనిషి అడుగులు. ఆమె బయటికి వచ్చేసరికి గడప ఖాళీ. దారి దొరికిన ఎండ ఒక్కసారిగా ఇంట్లోకి పడింది.

“ఎత్తుకపోయిండు,” అంది అమృతమ్మ, తల తిప్పుకుంటూ. “సూది పడనియ్య, నా పానం పోయినా పడనియ్య అనుకుంట ఎత్తుకపోయిండు. సాబు వద్దన్నా ఇనలే.”

అండాలు పరుగెత్తింది. ఒక చేతిలో దారం ఉండ, పళ్ళ మధ్య సూది. పోచంపల్లి వీధుల్లో అంతవరకూ టకటకలాడుతున్న మగ్గాలన్నీ ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆమె దాటిన ప్రతి ఇంట్లోంచి ఒకరిద్దరు వెంటబడ్డారు. బస్సు దగ్గరికి చేరేసరికి ఆమె వెనుక ఉన్న జనాన్ని చూసి, ఊరేగింపు అనుకుని డప్పు మనిషి డప్పు తీసుకుని వచ్చాడు.

ఎర్ర బస్సు పొగ కక్కుతూ నిలబడి ఉంది. మూట అప్పటికే టాపు మీద, తాడు కట్టేసి. యాదయ్య నిచ్చెన దిగి చేతులు దులుపుకుంటున్నాడు. లియాఖత్ అలీ కిటికీ పక్కన కూర్చుని గొడుగును గుండెకు పట్టుకున్నాడు.

అండాలు ఎవరినీ అడగలేదు. చీర కుచ్చిళ్ళు నడుముకు దోపి, నిచ్చెన పట్టుకుని టాపు ఎక్కేసింది. మూట పక్కన కూర్చుని కొస విప్పి గుడ్డ ఒడిలో పరుచుకుంది. సూదిలో దారం ఎక్కించింది.

“ఓ అమ్మా! దిగు, దిగు!” కండక్టరు ఎగిరెగిరి పడ్డాడు. “టాపు మీద మనుషులు ఎక్కొద్దు! సామాన్లే!”

“నేను సామానునే. టికెట్టు కొట్టు!”

“బేటీ, పడ్తవ్!” లియాఖత్ అలీ తల బయట పెట్టాడు. “దిగు. నల్లగొండల కుట్టిపిస్తలే!”

“నువ్వు కుట్టియ్యవు సాబ్. దుకాణమోళ్లు ఎదురు సూస్తుంటరు, నీకు మొహమాటం. బస్సు యాడికి పోతే ఆడికి వస్త. దిగే లోపల ఎన్ని అయితే అన్ని. గీత పడ్డ గుడ్డకే నా పేరు. గీత లేని దానికి ఎవని పేరన్న పెట్టుకో!”

ఆమె మొదటి కుట్టు వేసింది. గుడ్డ ఎర్ర దిక్కున తెల్లటి చుక్క. కింద నేతవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. మగ్గం దిగిన గుడ్డలోకి సూది దిగడం వాళ్ళు కళ్ళారా చూశారు. ఒక ముసలాయన కళ్ళు మూసుకున్నాడు.

యాదయ్య ముఖం ఆ గుడ్డకంటే ఎర్రబడింది. “అందరు సూస్తున్నరే!” అని అరిచాడు. ఆ అరుపులో కోపం ఎంత ఉందో, ఏడుపు అంత ఉంది. “నా ఇజ్జత్ దీస్తున్నవే!”

“సూడనియ్యి! నేను నేసిన, నేనే తప్పు జేసిన, నేనే దిద్దుతున్న. నీ ఇజ్జత్ గింత సూది మొనకే పోతే, అది ఉండి లాభమేంది?”

డ్రైవరుకు ఓపిక నశించింది. హారన్ మోగించి గేరు వేశాడు. బస్సు ఒక్క కుదుపు కుదిపింది. అండాలు ఒక చేత్తో తాడు పట్టుకుంది, ఇంకో చేత్తో సూది వదల్లేదు. దారం ఉండ దొర్లి టాపు అంచు దాటి కిందికి జారింది. తెల్లటి పోగు బస్సు వెనుక గాలిలో సాగుతూ వచ్చింది.

యాదయ్య నిలబడి ఆ పోగును చూశాడు. బస్సు కదిలింది. అతనూ కదిలాడు. నాలుగు అంగల్లో నిచ్చెన అందుకుని, ఉండను ఒక చేత్తో ఒడిసి పట్టుకుని, పైకి ఎక్కడం మొదలుపెట్టాడు. అతని తల టాపు అంచు దాకా వచ్చింది. అండాలు కుట్టడం ఆపి చూసింది. అతను చెయ్యి చాపాడు.

సూది లాక్కోవడానికా, ఆమెకు దారం అందించడానికా? కింద ఉన్నవాళ్ళకు ఆ చెయ్యి కనిపించింది కానీ ముఖం కనిపించలేదు. జనమంతా మెడలు చాచి, నోళ్ళు తెరిచి, చప్పుడు లేకుండా బస్సు వెంట నడిచారు.

అప్పుడు, అంతసేపూ బెల్లం గడ్డ చప్పరిస్తూ నిలబడ్డ లచ్చయ్య, ఆ పక్క పొలాల మనిషి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని బస్సు వెనుక పరుగెత్తుతూ అరిచాడు.

“ఓ డ్రైవరన్నా! మలుపు వచ్చినా తిప్పకు, సక్కగ పోనియ్యి! నువ్వు తిప్పితే గీత వంకర వోతది!”